కొండకు మన సెలవుల లెక్క తెలీదు

హైదరాబాద్ ఐటీకీ, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకూ నడుమ ఒక తెలుగువాడి పేరు ఉంది. ఆయన మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం అనే చిన్న ఊళ్లో 1974లో పుట్టారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ పూర్తిచేసి సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేశారు. ఆ తర్వాత కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు. అంత చదువుతో ఏ కంపెనీలోనైనా పెద్ద హోదాకు వెళ్లగలిగిన మనిషి కొండలనే ఎంచుకున్నారు. 2006 ఫిబ్రవరి 17న ఆండీస్‌లోకెల్లా ఎత్తయిన అకాంకాగువా శిఖరం మీద నిలబడ్డారు. ఆ ఏడాది జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలూ ఎక్కేశారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2015 మార్చిలో, అదే ఆండీస్‌లో మరో శిఖరం మీద ప్రాణాలు విడిచారు.

1998 నవంబరులో మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అక్కడి నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా పరుచుకున్న ఐటీ కారిడార్‌లో ఇప్పుడు పర్వతారోహణ ఎవరికో సంబంధించిన సంగతి కాదు. తెల్లవారుజామున ఖాజాగూడ గుట్టల మీద రాళ్లెక్కేవారున్నారు. వారాంతాల్లో భువనగిరికో అనంతగిరికో వెళ్లేవారున్నారు. ఎవరెస్ట్ బేస్‌క్యాంపు చూసి, 5,895 మీటర్ల కిలిమంజారో ఎక్కి వచ్చినవారికి తర్వాతి మెట్టుగా కనిపించేది అకాంకాగువానే. గైడ్, గుడారం, భోజనం, సామాను మోసే కంచరగాడిదలు, పర్మిట్‌కు సాయం అన్నీ కలిపి ఒకే ధరకు ప్యాకేజీగా దొరుకుతాయి. ఆ ధర చూసి, సెలవులు చూసి, తేదీలు చూసి బుక్ చేసుకుంటారు. అంతటి కొండ మీద డబ్బు పెట్టి కొనుక్కోదగినవి నిజానికి రెండే ఉన్నాయి. ఒకటి రోజులు. రెండోది, ‘ఇక దిగుదాం’ అని తేల్చి చెప్పగల గైడ్ అధికారం. మిగతా సౌకర్యాలన్నీ వీటి తర్వాతే. ఉద్యోగం చేసుకుంటూ కొండలెక్కేవారి మీద ఉండే ఒత్తిడి మాత్రం సరిగ్గా ఈ రెండింటినే కోసేస్తుంది.

ముందు కొండ సంగతి. అకాంకాగువా ఎత్తు 6,961 మీటర్లు. అర్జెంటీనాలోని మెండోజా రాష్ట్రంలో, చిలీ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. ఆసియా బయట ప్రపంచంలో ఇంతకంటే ఎత్తయిన పర్వతం లేదు. అయినా హోర్కోనెస్ లోయ మీదుగా పోయే మామూలు దారిలో మంచుగోడలెక్కే నేర్పు పెద్దగా అక్కర్లేదు. గులకరాళ్లు, జారిపోయే గుల్లమట్టి, ఎడతెగని ఏటవాలు, అంతే. అందుకే దీనికి నడిచి ఎక్కే కొండ అని పేరొచ్చింది. ఈ పేరే ఎందరినో మోసం చేసింది. తాడు పట్టి ఎక్కాల్సిన కొండైతే ఆ నేర్పు లేనివారు కిందే ఆగిపోతారు, కొండే వారిని వడపోస్తుంది. ఇక్కడ అలాంటి అడ్డు లేదు. ఏమీ తెలియని మనిషి కూడా కాళ్ల సత్తువతో ఆరు వేల మీటర్ల దాకా వెళ్లిపోగలడు. సరిగ్గా అక్కడే, వెనక్కి రావడానికి కావాల్సిన బలమూ వివేకమూ కరిగిపోతాయి. పసిఫిక్ మీది నుంచి వచ్చే తుపాను గాలి పైనున్న మంచును లేపి, పక్కనున్న మనిషి కూడా కనపడకుండా చేసేస్తుంది. ఎక్కబోయినవారిలో సగం మందికి పైగా శిఖరం చేరకుండానే తిరిగి వస్తారని ఏళ్లుగా ఉన్న అంచనా. వారిలో చాలామందిని ఆపేది గాలి, చలి, ఎత్తు.

ఎత్తు శరీరాన్ని ఏం చేస్తుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే అసలు వాదనంతా దాని మీదే నిలబడింది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వెతికినా రెండు వేల మీటర్ల కొండ ఒక్కటీ లేదు. అంటే ఇక్కడ పుట్టి పెరిగిన శరీరానికి పలుచని గాలి పరిచయమే లేదు. అకాంకాగువా కొన మీద ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో సగం కూడా ఉండదు. పైకి వెళ్లగానే శరీరం మొదట చేసే పని వేగంగా, లోతుగా ఊపిరి తీసుకోవడం. అలా తీసుకున్నకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణానికి మళ్లుతుంది. అది గమనించిన మెదడు ఊపిరికి పగ్గాలు వేస్తుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం, ఉలిక్కిపడి లేవడం ఇందువల్లే. ఈ పగ్గాలు సడలాలంటే మూత్రపిండాలు రక్తంలోని బైకార్బొనేట్‌ను వడకట్టి బయటికి పంపాలి. దానికి రోజులు పడుతుంది. ఆక్సిజన్ మోసే ఎర్రరక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈ పనుల్లో ఏ ఒక్కటీ మన పట్టుదలకు లొంగేది కాదు. గడువు పెట్టి చేయించగలిగేది అసలే కాదు.

ఆ పనికి సమయం ఇవ్వకుండా పైకి పోతే మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం. వాటిని ఖాతరు చేయకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, లేదా మెదడు వాచిపోవచ్చు. రెండూ గంటల వ్యవధిలో ప్రాణం తీయగలవు. రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. అందుకే పర్వత వైద్యులు ఒక నియమం పెట్టారు: మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఎత్తు పెంచకుండా ఉండాలి. పగలు అంతకంటే కొంత పైకి పోయినా ఫరవాలేదు, రాత్రికి దిగివచ్చి పడుకోవాలి.

మామూలు దారిలో మజిలీల మధ్య ఎత్తు 500 మీటర్లకు మించినా, ఒక్కో చోట గడిపే రోజులు ఈ నియమం ఉద్దేశం చుట్టూ అల్లినవే. 3,400 మీటర్ల దగ్గర కాన్‌ఫ్లుయెన్సియాలో రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు పైకి నడిచి రావడం. తర్వాత 4,300 మీటర్ల ప్లాజా దె ములాస్ బేస్‌క్యాంపు. అక్కడ కొన్ని రోజులు. విశ్రాంతి ఒకరోజు, పైశిబిరానికి సామాను చేరవేసి తిరిగి రావడం ఒకరోజు. ఆపైన అయిదు వేల మీటర్ల కెనడా, అయిదున్నర వేల నిదో దె కాండోరెస్, ఆరు వేలకు చేరువలో కొలేరా శిబిరాలు. ప్రతి శిబిరానికీ ముందు సామానుతో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కడం. రెండు చోట్ల పార్కు వైద్యులు రక్తపోటు, ఆక్సిజన్ చూస్తారు. వారు సరేనంటేనే పైకి. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోకీ వచ్చిన పల్స్ ఆక్సిమీటరే అక్కడా వేలికి తగిలిస్తారు. ఇక్కడ 94 కంటే తగ్గితే గుండెలదిరిపోయిన ఆ అంకె, బేస్‌క్యాంపులో 85 ఉంటే బాగానే ఉందంటారు. ఇదంతా కలిపి, గాలి తగ్గేదాకా ఎదురుచూసేందుకు రెండు మూడు రోజులు చేర్చితే, కొండ మీదే 18 నుంచి 20 రోజులు కావాలి.

ఇప్పుడు ఆ 20 రోజులను మన క్యాలెండర్ మీద పెట్టి చూడండి. హైదరాబాద్ నుంచి మెండోజాకు నేరుగా విమానం లేదు. రెండు మూడు విమానాలు మారి చేరేసరికి ఒక రోజు పైనే పోతుంది. కాలంలో ఎనిమిదిన్నర గంటల తేడా, ఆ నిద్రలేమి తీరడానికి ఇంకో రెండు రోజులు. పర్మిట్‌కు మరో రోజు. వెళ్లిరావడం కలిపితే 24, 25 రోజులు. అకాంకాగువా సీజన్ నవంబర్ నడిమి నుంచి మార్చి దాకా. అందులో మంచి రోజులు డిసెంబర్, జనవరి. కారిడార్‌కు అది అనువైన కాలమే. అమెరికా క్లయింట్లు సెలవుల్లో ఉంటారు, చాలా ప్రాజెక్టుల్లో కోడ్ ఫ్రీజ్ ఉంటుంది, తర్వాత సంక్రాంతి కలిసొస్తుంది. అయినా ఏడాదంతా దాచుకున్న సెలవులన్నీ ఒకేసారి వాడినా 25 రోజులు దొరకడం కష్టం. సంక్రాంతి వెళ్లిన సోమవారం ఆఫీసులో ఉండాల్సిందే అన్నప్పుడు, 20 రోజుల ప్రణాళిక పక్కన 15 రోజుల ప్రణాళిక ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఆ అయిదు రోజులు ఎక్కడి నుంచి పోయాయో చూడాలి. విమానం వేగం పెరగలేదు, పర్మిట్ ఆఫీసు గంటలు మారలేదు. పోయినవి విశ్రాంతి రోజులు, వాతావరణం కోసం ఆగే రోజులు. అంటే మూత్రపిండాలకిచ్చిన గడువు, తుపానుకిచ్చిన గడువు.

గైడ్ ఉన్నాడుగా అనిపించవచ్చు. అనుభవజ్ఞుడైన గైడ్ చేసే మేలు చాలా పెద్దది. దారి తెలుసు, మబ్బు చూసి గాలి చెప్పగలడు, నీళ్లు తాగించి అన్నం తినిపిస్తాడు, ఒక మనిషి మాట తడబడితే, అడుగు తూలితే అది అలసటో మెదడు వాపో పసిగడతాడు. కానీ క్లయింట్ రక్తాన్ని తాను మార్చలేడు. ఈ నిజం అకాంకాగువా మొదటి ఆరోహణంలోనే రుజువైంది. 1897లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ పెద్ద బృందాన్ని కూర్చుకుని ఇక్కడికి వచ్చాడు. డబ్బు ఆయనది, ప్రణాళిక ఆయనది. వెంట ఆ కాలంలో పేరుమోసిన స్విస్ గైడ్ మత్తియాస్ జుర్‌బ్రిగెన్ ఉన్నాడు. ఫిట్జ్‌జెరాల్డ్ పలుమార్లు ప్రయత్నించాడు, ప్రతిసారీ ఎత్తు జబ్బు ఆయన్ను వెనక్కి తిప్పింది. జనవరి 14న జుర్‌బ్రిగెన్ ఒంటరిగా శిఖరం చేరాడు. మరో నెలకు అదే బృందంలోని ఇంకో ఇద్దరు చేరారు. యాత్రను నడిపించిన మనిషి మాత్రం ఆ శిఖరం మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. ఫిట్జ్‌జెరాల్డ్ తన యాత్ర మీద ‘ద హయ్యెస్ట్ ఆండీస్’ అనే పుస్తకం రాశాడు, 1899లో అచ్చయింది. అంత ఖర్చు పెట్టి, అంత మంచి గైడ్‌ను పెట్టుకుని, తన శరీరం ఒప్పుకోని చోట ఆగి, ప్రాణాలతో తిరిగొచ్చి రాసిన పుస్తకం అది. అకాంకాగువాకు వెళ్లే ప్రతి క్లయింటూ జుర్‌బ్రిగెన్ కన్నా ఫిట్జ్‌జెరాల్డ్‌ను ఎక్కువగా గుర్తుపెట్టుకోవాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఫిట్‌నెస్. హైదరాబాద్ మారథాన్ పూర్తిచేసినవాళ్లం, రోజూ జిమ్‌కు వెళ్తాం, గచ్చిబౌలిలో ఇరవై అంతస్తుల మెట్లు బరువు వేసుకుని ఎక్కి దిగుతాం, మాకెందుకు అన్ని రోజులు అంటారు. ఆ సాధన అవసరమే. బలమైన కాళ్లు లేకపోతే శిఖరం రోజున తెల్లారకముందే బయల్దేరి ఎనిమిది పది గంటలు ఎక్కి, మళ్లీ దిగడం సాధ్యం కాదు. కానీ ఎత్తు జబ్బు రాకుండా ఫిట్‌నెస్ కాపాడదని పర్వత వైద్యంలో ఎప్పుడో తేలింది. పైగా ఫిట్‌గా ఉన్నవారికే ముప్పు ఎక్కువయ్యే సందర్భం ఒకటుంది: వారు వేగంగా నడవగలరు కాబట్టి వేగంగా ఎత్తుకు చేరిపోతారు. లక్షణాలు దాచిపెట్టి ముందుకు సాగే పట్టుదల కూడా వారికే ఎక్కువ. ఆఫీసులో ప్రమోషన్ తెచ్చిపెట్టిన గుణం అక్కడ కీడు చేస్తుంది.

రెండో అభ్యంతరం మందుల గురించి, శాస్త్రం గురించి. డయామాక్స్ మాత్ర వేసుకుంటే సరిపోదా? అది మంచి మందే. డాక్టర్ చెప్పినప్పుడు వాడటంలో తప్పు లేదు. అది చేసేది ఏమిటంటే, బైకార్బొనేట్‌ను బయటికి పంపే మూత్రపిండాల పనిని త్వరపెట్టడం. అలవాటుపడే ప్రక్రియకు అది సాయం, దాని స్థానంలో నిలిచేది కాదు. ఇక వేగం విషయానికొస్తే, స్పెయిన్‌కు చెందిన కిలియన్ జోర్నెట్ 2014 డిసెంబరులో పార్కు ద్వారం నుంచి శిఖరానికి వెళ్లి తిరిగి రావడానికి 12 గంటల 49 నిమిషాలు మాత్రమే తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే కార్ల్ ఎగ్లాఫ్ దాన్ని 12 గంటల లోపుకు దించాడు. ఈ కథలు విన్నప్పుడు 20 రోజులు దండగ అనిపించవచ్చు. జోర్నెట్ ఆ పరుగుకు ముందు ఆ కొండల్లోనే ఉండి ఎత్తుకు అలవాటుపడ్డాడు. ఎగ్లాఫ్ సముద్రమట్టానికి 2,800 మీటర్లకు పైనున్న ఈక్వెడార్ రాజధాని కీటోలో పుట్టినవాడు. ఎత్తు అడిగే రోజులను వాళ్లూ చెల్లించారు, కాకపోతే గడియారం నొక్కకముందే చెల్లించారు.

అసలు బలమైన అభ్యంతరం మస్తాన్‌బాబే. ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి మన కళ్ల ముందుండగా నిదానం గురించి చెప్పడం ఎలా కుదురుతుంది? ఆయన 2006 తేదీలను వరసగా పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. విన్సన్ తర్వాత అకాంకాగువాకు దాదాపు నెల రోజులు. దాని తర్వాత మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోస్కియస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న ఎల్‌బ్రస్. అయిదారు నెలల పాటు ఆయన ఇంకో పని పెట్టుకోలేదు. దాని వెనుక ఏళ్ల సాధన ఉంది. సైనిక్ స్కూల్లో తనకంటే ముందు చదివి, 1985 సైనిక దళ ఎవరెస్ట్ యాత్రలో చనిపోయిన ఉదయభాస్కరరావు స్ఫూర్తితో చిన్ననాడే కొండల మీద పడిన మనసు ఉంది. 172 రోజులు అన్న అంకెలో మనకు వేగం కనిపిస్తుంది. ఆ అంకెను సాధ్యం చేసినది, జీవితం మొత్తాన్ని కొండకు ఇచ్చేయడం. మూడు వారాల సెలవుతో వెళ్లే ఉద్యోగికి ఆ అంకె ఆదర్శం కావచ్చు, కొలబద్ద కాకూడదు.

2015లో జరిగింది కూడా ఈ వాదనకు సంబంధించినదే. 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ మీద మార్చి 24న ఆయన శిఖరం వైపు ఒంటరిగా కదిలారు, తిరిగి రాలేదు. అవే రోజుల్లో ఉత్తర చిలీలోని అటకామా ప్రాంతాన్ని అసాధారణమైన తుపాను కుదిపేసి, ఎడారి పట్టణాల్లో వరదలు తెచ్చింది. అర్జెంటీనా, చిలీ రెండు వైపుల నుంచీ గాలించగా ఏప్రిల్ తొలివారంలో ఆయన దేహం కనపడింది. ఆ నెలాఖరులో సొంతూళ్లో అంత్యక్రియలు జరిగాయి. ఆయనకు ఎత్తు కొత్త కాదు, అనుభవం తక్కువ కాదు. పక్కన ఇంకో మనిషి ఉంటే బతికేవారని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ అంతటి ఆరితేరిన మనిషిని కూడా ఆ కొండలు ఎంత తేలిగ్గా తీసుకుపోగలవో తెలిశాక, తక్కువ అనుభవంతో వెళ్లేవారు పక్కన రెండో జత కళ్లు, రెండో మెదడు లేకుండా వెళ్లడాన్ని ఎవరూ సమర్థించలేరు. మనకు గైడ్ కావాల్సింది ఇందుకే.

పూర్ణ మాటేమిటని ఇంకొందరు అడుగుతారు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చిన మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. వెంట సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఉన్నాడు. పదమూడేళ్ల పిల్లకు సాధ్యమైనది పాతికేళ్ల ఇంజినీరుకు కాదా అన్నది ప్రశ్న. ఆ యాత్ర ఎలా తయారైందో చూస్తే ప్రశ్నే తిరగబడుతుంది. అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆలోచన, శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణ. వంద మందికి పైగా పిల్లలను భువనగిరి బండ మీద పరీక్షించి, వారిలోంచి కొందరిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపి, మళ్లీ వడపోసి లద్దాఖ్ చలిలో నిలబెట్టి, చివరికి ఇద్దరిని ఎంపిక చేశారు. టిబెట్ వైపు నుంచి సాగిన యాత్రకే యాభై రోజులకు పైగా పట్టింది. ఆ తర్వాత పూర్ణ ఏడు శిఖరాలు పూర్తిచేసేసరికి ఎనిమిదేళ్లయింది. 2019లో అకాంకాగువా, 2022 జూన్‌లో చివరిదైన డెనాలీ. గురుకులంలో చదివే పేద పిల్లలకు ఒక ప్రభుత్వ సంస్థ అన్ని నెలలు ఇవ్వగలిగింది. మంచి జీతం తెచ్చుకునే మనం మనకు అయిదు రోజులు ఎక్కువ ఇచ్చుకోలేమా?

గైడ్‌తో, కూలీలతో ఎక్కడం అసలు ఆరోహణమే కాదనే విమర్శ ఒకటి ఉంది. దాని మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. ఆల్ప్స్‌లో పర్వతారోహణ పుట్టిందే గ్రామీణ గైడ్‌ల వెన్నంటి. హిమాలయాల్లో షెర్పాలు లేని చరిత్ర లేదు. గైడ్‌ను పెట్టుకోవడంలో చిన్నతనం లేదు. గైడ్ మాట కొనుక్కుని, చివరి రోజున ఆ మాట వినకపోవడంలో ఉంది అసలు తప్పు.

ఆ చివరి రోజున ఏం జరుగుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. 1996 మే 10న ఎవరెస్ట్ మీద న్యూజిలాండ్ గైడ్ రాబ్ హాల్ తిరుగుముఖం పట్టాల్సిన వేళ మధ్యాహ్నం రెండు దాటకూడదని ముందే అనుకున్నాడు. ఆయన బృందంలో ఒక పోస్టల్ ఉద్యోగి ఉన్నాడు. అంతకుముందు ఏడాది శిఖరానికి కొద్ది దూరంలో హాలే అతన్ని వెనక్కి తిప్పాడు. రెండోసారి అతనికి ఆ మాట చెప్పలేకపోయాడు. అతను శిఖరం చేరేసరికి నాలుగు దాటింది, తుపాను వచ్చింది, ఇద్దరూ తిరిగి రాలేదు. 2009 జనవరిలో అకాంకాగువా మీదే ఫెడెరికో కంపానీని అనే అర్జెంటీనా గైడ్ ఇటలీ బృందాన్ని శిఖరానికి చేర్చాక, అంతా తుపానులో దారి తప్పి అవతలి హిమానీనదం వైపు దిగారు. ఒక క్లయింట్, ఆయనా అక్కడే చనిపోయారు. మిగతావారిని వెతికి దించారు. గైడ్ కూడా మనిషే. అతనికీ ఊపిరి అందదు, అతనికీ జాలి ఉంటుంది, అతనికీ వచ్చే సీజన్‌లో బుకింగ్‌లు కావాలి. డబ్బు కట్టి, ఇంట్లో చెప్పి, టీమ్‌లో చెప్పి, సగం ప్రపంచం దాటి వచ్చిన క్లయింట్ కళ్లలోకి చూస్తూ ‘చాలు’ అనడం అతనికి అన్నిటికంటే కష్టమైన పని. ఆ పనిని మనం తేలిక చేయాలి. హైటెక్ సిటీలో ఏ టీమూ రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రాత్రి రిలీజ్‌కు ఒప్పుకోదు. ఎప్పుడు వెనక్కి రావాలో, ఆ మాట ఎవరు చెప్పాలో ముందే రాసుకుంటుంది. కొండ మీదా అదే కావాలి. ఏ వేళకు తిరగాలి, ఏ లక్షణం కనిపిస్తే దిగాలి, నిర్ణయం ఎవరిది అనేవి బేస్‌క్యాంపులో, తల తేటగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

ఖర్చు మాట కూడా నిజమే. రోజు పెరిగితే భోజనం, గుడారం, గైడ్ జీతం అన్నీ పెరుగుతాయి. అంత దూరం వెళ్లి మళ్లీ రాలేమన్న బాధ వేరు. ఆ బాధే మనిషిని పైకి నెట్టేది. అయిదు రోజుల ఖర్చు, అయిదు రోజుల సెలవు భరించలేని ఏడాదిలో అకాంకాగువా పెట్టుకోకపోవడమే దానికి సరైన పరిష్కారం. అన్ని రోజులు దొరికే మరో ఏడాదిలో డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు చేయవచ్చు. ఈ ఏడాది ఉన్న డబ్బుతో, ఉన్న సెలవుతో లద్దాఖ్‌లో ఆరు వేల మీటర్ల కొండ ఒకటి నిదానంగా ఎక్కి, పలుచని గాలిలో తన శరీరం ఎలా నడుచుకుంటుందో తెలుసుకోవచ్చు. ఆ సంగతి తెలియకుండా అర్జెంటీనా వెళ్లడం, తన గురించి తనకు తెలియాల్సిన ముఖ్యమైన విషయాన్ని ఆస్పత్రికి చాలా దూరంలో తెలుసుకోవాలనుకోవడమే.

కాబట్టి రాబోయే సీజన్‌కు బుకింగ్ చేయాలనుకుంటున్నవారికి ఒక మనవి. నిర్వాహకులను మొదట ధర అడగకండి. వాతావరణం కోసం ఎన్ని రోజులు అదనంగా పెట్టారో అడగండి. శిఖరం రోజున ఒక్కో గైడ్‌కు ఎంతమంది, ఒకరు మధ్యలో దిగాల్సివస్తే వారితో దిగే గైడ్ వేరుగా ఉంటాడా అని అడగండి. తిరిగి రావాల్సిన వేళ రాతపూర్వకంగా ఉందా, గైడ్ ‘దిగు’ అంటే దిగుతానని మీచేత సంతకం చేయిస్తారా అని అడగండి. బేస్‌క్యాంపు నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు బీమాలో ఉందో లేదో చూడండి. శిఖరం గ్యారంటీ అనేవారి దగ్గరకు వెళ్లకండి. ఒకే గుడారంలో పడుకునే తోటివారి దగ్గర తలనొప్పి దాచవద్దని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. ఆ తర్వాత మేనేజర్‌ను 20 రోజులు కాకుండా 25 రోజుల సెలవు అడగండి. ఇవ్వనంటే ఈ ఏడాదికి లద్దాఖ్ వెళ్లండి, అకాంకాగువాను వచ్చే ఏడాదికి పెట్టుకోండి.